చిన్న క్రియ, పెద్ద సంసారం



మందు, బస్సు, ఫొటో, స్నానం, పరీక్ష, సెలవు. ఈ ఆరు మాటలూ మన ఇళ్ళలో రోజూ వినపడేవే. మందు వేసుకుంటాం. బస్సు ఎక్కుతాం. ఫొటో తీస్తాం. స్నానం చేస్తాం. పరీక్ష రాస్తాం. సెలవు పెడతాం. ఆరు పనులు, ఆరు క్రియలు. ఒకదాని క్రియ తీసి ఇంకోదానికి తగిలిస్తే వినేవాళ్ళు ఆగి మన మొహంలోకి చూస్తారు.

ఇవే ఆరు పనులు చైనాలో ఎలా చేస్తారో వినండి. అక్కడ మందు తింటారు. బస్సు కూర్చుంటారు. ఫొటోకి వాడే క్రియకు అసలు అర్థం అరచేత్తో తట్టడం. స్నానానికి వాడేది కడగడం అనే క్రియ. పరీక్షలో పాల్గొంటారు. సెలవు అడుగుతారు. వాళ్ళకీ ఆరు పనులు, ఆరు క్రియలు. కాని మన ఆరు వేరు, వాళ్ళ ఆరు వేరు.

ఇంగ్లీషువాళ్ళకి ఈ ఆరింటికీ కలిపి ఒక్క క్రియ చాలు. టేక్. టేక్ మెడిసిన్, టేక్ ఎ బస్, టేక్ ఎ ఫొటో, టేక్ ఎ బాత్, టేక్ ఎన్ ఎగ్జామ్, టేక్ లీవ్.

ఈ ఒక్క క్రియ దగ్గర చైనా విద్యార్థులు ఎక్కడ తడబడతారో, ఎందుకు తడబడతారో ఈ ప్రసంగంలో చెబుతాను. చైనావాళ్ళ తడబాటుతో మనకేం పని అని అడగవచ్చు. పని ఉంది. మన రెండు రాష్ట్రాల నుంచి ఎంతోమంది పిల్లలు వైద్యవిద్య కోసం చైనా వెళ్ళారు. అక్కడి అధ్యాపకుల ఇంగ్లీషులోనే పాఠాలు విన్నారు. విదేశాల్లో చదువుకుంటున్న, ఉద్యోగం చేస్తున్న మనవాళ్ళ పక్క కుర్చీలో చాలాసార్లు ఉండేది చైనా మనిషే. ఇద్దరికీ ఇంగ్లీషు పరాయిదే. పైగా వాళ్ళ తడబాటును దగ్గరగా చూస్తే మన పిల్లలు ఇంగ్లీషు ఎలా నేర్చుకోవాలో కూడా తెలుస్తుంది.

ముందుగా ఈ క్రియ పుట్టుపూర్వోత్తరాలు. టేక్ అసలు ఇంగ్లీషువాళ్ళ సొంత మాటే కాదు. పాత ఇంగ్లీషులో తీసుకోవడానికి ‘నిమన్’ అనే క్రియ ఉండేది. జర్మన్‌లో ఈనాటికీ ఉన్న ‘నేమన్’ దాని చుట్టమే. తొమ్మిదో శతాబ్దం నుంచి డెన్మార్క్, నార్వేల వైపు నుంచి సముద్రం దాటి వచ్చిన వైకింగులు ఇంగ్లండులో ఊళ్ళు కట్టుకుని స్థిరపడ్డారు. వాళ్ళ నార్స్ భాషలోని ‘టాకా’ ఇంగ్లీషువాళ్ళ నోట పడి, మెల్లమెల్లగా నిమన్‌ను పక్కకు నెట్టేసింది. పాత క్రియ ఆనవాళ్ళు ఇప్పుడు తిమ్మిరిని చెప్పే ‘నమ్’లోనూ, చురుకుదనాన్ని చెప్పే ‘నింబుల్’లోనూ మాత్రం మిగిలాయి. పొరుగునుంచి వచ్చిన ఈ క్రియ వెయ్యేళ్ళలో మందుతో, బండితో, కాలంతో, నిర్ణయంతో, నిందతో, అన్నిటితోనూ వియ్యమందింది. క్రియ చిన్నదే, దాని సంసారమే పెద్దది. విద్యార్థికి కష్టం ఆ క్రియతో కాదు, ఆ సంసారంతో.

చైనాలో 2001 నుంచి ఇంగ్లీషును ప్రాథమిక పాఠశాల మూడో తరగతిలోనే మొదలుపెట్టాలని ప్రభుత్వం నిర్ణయించింది. కళాశాల విద్యార్థుల కోసం దేశమంతటికీ ఒకే ఇంగ్లీషు పరీక్ష 1987లోనే వచ్చింది. అంతకుముందు 1982లో బీబీసీ తయారుచేసిన ‘ఫాలో మీ’ పాఠాలను చైనా కేంద్ర టెలివిజన్ ప్రసారం చేసినప్పుడు, క్యాథీ ఫ్లవర్ అనే ఇంగ్లీషు యువతి ఆ దేశంలో ఇంటింటికీ తెలిసిన మనిషయింది. రేడియో పాఠాలూ వాళ్ళకు కొత్త కావు. వాయిస్ ఆఫ్ అమెరికా 1959లో మొదలుపెట్టిన స్పెషల్ ఇంగ్లీషు కార్యక్రమంలో సుమారు 1500 మాటలతోనే, నెమ్మదిగా చదివి వార్తలు చెప్పేవారు. దాన్ని విని ఇంగ్లీషు పట్టుకున్నవాళ్ళు చైనాలో చాలామంది ఉన్నారు. అంటే ఆ దేశంలో శ్రద్ధకు లోటు లేదు. లోటంతా ఒక అలవాటులో ఉంది. ఇంగ్లీషు మాట ఎడమవైపు, దానికి సరిపోయే చైనా మాట కుడివైపు పెట్టి జాబితాలు బట్టీ పట్టడం. టేక్‌కి ఎదురుగా ఆ జాబితాలో కనిపించే మాట ‘నా’.

ఈ ‘నా’ అంటే చేత్తో పట్టుకోవడం, చేతిలోకి తీసుకోవడం. దాన్ని రాసే అక్షరంలో అడుగున చెయ్యి అనే అక్షరమే ఉంటుంది. పుస్తకం తీసుకో, గొడుగు తీసుకో అన్నంతవరకు ‘నా’కీ టేక్‌కీ పేచీ లేదు.

ఇక్కడ తెలుగువాళ్ళకు సంతోషం కలిగించే సంగతి ఒకటి ఉంది. ఇంగ్లీషులో ఒక వస్తువు మనవైపు వస్తే బ్రింగ్, మన దగ్గరనుంచి పోతే టేక్. రెండూ వేరువేరు క్రియలు. చైనా భాషలో అలా కాదు. క్రియ ఒకటే, ‘నా’. దాని వెనక ‘రావడం’ చేరిస్తే ‘నా లాయ్’, ‘పోవడం’ చేరిస్తే ‘నా ఛ్యూ’. మనం ఏమంటాం? తీసుకురా, తీసుకుపో. అచ్చంగా అదే కట్టుబడి. ఇంగ్లీషు రెండు గదులు కట్టిన చోట చైనా, తెలుగు ఒకే గదికి రెండు తలుపులు పెట్టాయి. కాబట్టి హైదరాబాదు పిల్లవాడు బ్రింగ్ అనాల్సిన చోట టేక్ అన్నా, షాంఘై పిల్లవాడు టేక్ అనాల్సిన చోట బ్రింగ్ అన్నా కారణం ఒకటే. వాళ్ళకి దిక్కు తెలియక కాదు. తమ భాషలో దిక్కు చెప్పే పని వెనకొచ్చే రావడానిదీ పోవడానిదీ. ఇంగ్లీషులో ఆ పని మొదటి క్రియ మీదే పడింది.

ఇప్పుడు మందు దగ్గరకు వద్దాం. చైనా విద్యార్థుల ఇంగ్లీషులో బాగా పేరుపడ్డ తప్పు ‘ఈట్ మెడిసిన్’. వాళ్ళ ఇళ్ళలో మాత్ర అయినా, మూలికల కషాయమైనా, వాడుకలో మందు తినడమే. కషాయాన్ని తాగడం అనీ అంటారు. సీసా మీద అచ్చువేసే మాట మాత్రం వేరు, అది రాతభాష. చిన్నప్పుడు జ్వరం వస్తే అమ్మ నోట విన్నది తినమనే మాటే. ఇంగ్లీషులో ఈట్ అంటే ఆకలికి తినడం. మందుకు ఆకలితో సంబంధం లేదు గనక టేక్ అంటారు. ఎలా లోపలికి పోయిందన్నది ఆ మాట పట్టించుకోదు. మన తెలుగు ఇంకో దారి పట్టింది. మాత్ర ‘వేసుకుంటాం’, కషాయమైతే ‘తాగుతాం’. చొక్కా వేసుకుంటాం, మాత్రా వేసుకుంటాం. ఇది మనకు వింతగా ఎప్పుడైనా తోచిందా? తోచదు. తినడం వాళ్ళకు అంతే సహజం.

బస్సు సంగతీ అంతే. చైనాలో బస్సయినా రైలయినా విమానమైనా ‘కూర్చోవడం’ అనే క్రియే వాడతారు. నిలబడి ప్రయాణం చేసినా బస్సు కూర్చున్నట్టే లెక్క. కూర్చునేందుకు సీటు దొరకని మనిషి కూడా తన భాషలో నిజమే చెబుతున్నాడు. ఎందుకంటే ఆ క్రియ అక్కడ చెప్పేది భంగిమను కాదు, ప్రయాణ సాధనాన్ని. ఇంగ్లీషు టేక్ కూడా బస్సును చేత్తో పట్టుకోమని చెప్పడం లేదు.

పరీక్ష విషయంలో మనమూ చైనావాళ్ళూ చెరో దారిన పోతాం. వాళ్ళు పరీక్షలో పాల్గొంటారు గనక ‘జాయిన్ ద ఎగ్జామ్’, ‘అటెండ్ ద ఎగ్జామ్’ అంటారు. మనం పరీక్ష రాస్తాం గనక ‘రైట్ ద ఎగ్జామ్’ అంటాం. అమెరికాలో పరీక్షను టేక్ చేస్తారు, బ్రిటన్‌లో పరీక్షకు సిట్ అంటారు. మన ‘రైట్’ మాత్రం అనాథ కాదు. కెనడాలో కూడా పరీక్ష రాస్తామనే అంటారు. నిర్ణయం దగ్గర ఇంకో చిత్రం ఉంది. చైనా భాషలో నిర్ణయం ‘చేస్తారు’. అందుకే వాళ్ళకు ‘మేక్ ఎ డెసిషన్’ ఇట్టే వస్తుంది. మనం నిర్ణయం ‘తీసుకుంటాం’. అందుకే మన నోట ‘టేక్ ఎ డెసిషన్’ వస్తుంది. బ్రిటిష్ ఇంగ్లీషులో రెండూ చెల్లుతాయి. ఎవరి ఇంటి మాట వాళ్ళకు దారి చూపింది, ఇద్దరూ గమ్యం చేరారు.

ఇక కాలం. చైనా బడుల్లో టేక్ గురించి ఎక్కువగా రుద్ది రుద్ది చెప్పే పాఠం ఇదే. వాళ్ళ భాషలో ‘హ్వా’ అనే ఒక్క క్రియ డబ్బు ఖర్చుపెట్టడానికీ, కాలం గడపడానికీ సరిపోతుంది. అదే అక్షరానికి పువ్వు అనే అర్థమూ ఉంది. ఆ ఒక్క హ్వా దగ్గరికి ఇంగ్లీషు నాలుగు క్రియలను పంపుతుంది: స్పెండ్, కాస్ట్, టేక్, పే. ఉపాధ్యాయుడు నల్లబల్ల మీద గీతలు గీసి చెబుతాడు. స్పెండ్‌కీ పేకీ మనిషి కర్త. కాస్ట్‌కు వస్తువు కర్త. టేక్‌కైతే ముందు ‘ఇట్’ పెట్టాలి. ‘ఇట్ టేక్స్ మీ టూ అవర్స్’. పిల్లలు ఆ సూత్రాన్ని వల్లిస్తారు. అయినా పరీక్ష హాల్లో తొందరలో ‘ఐ కాస్ట్ టూ అవర్స్’ అని రాసేస్తారు. చైనా వాక్యంలో ‘నేను రెండు గంటలు హ్వా’ అని మనిషే ముందుంటాడు మరి. ఇంగ్లీషు చెవికి ఆ వాక్యం ‘నా ఖరీదు రెండు గంటలు’ అన్నట్టు వినిపిస్తుంది.

ఈ చోట తెలుగు పిల్లలకు పుట్టుకతో వచ్చిన సౌకర్యం ఉంది. ‘నాకు రెండు గంటలు పట్టింది.’ పట్టడం అంటే చేజిక్కించుకోవడమే కదా, టేక్ అసలు అర్థమూ అదే. మనిషిని కర్తగా కాక ‘నాకు’ అని పక్కన నిలబెట్టి, పనే కాలాన్ని పట్టుకుందన్నట్టు చెప్పడం మనకూ ఇంగ్లీషుకూ ఒకే తీరు. ఇంగ్లీషులో ‘ఈ హాలు 500 మందిని టేక్ చేస్తుంది’ అంటారు. మనం ‘ఈ హాల్లో 500 మంది పడతారు’ అంటాం. అదీ పట్టడమే. తెలుగు నేల మీద ఇంగ్లీషు నేర్పే ఉపాధ్యాయుడు ‘ఇట్ టేక్స్’ పాఠాన్ని సూత్రంతో కాక ‘ఎంతసేపు పట్టింది?’ అనే ప్రశ్నతో మొదలుపెడితే సగం పని అయిపోయినట్టే. చైనా ఉపాధ్యాయుడికి ఆ వీలు లేదు, ఇంకో దారి వెతుక్కోవాలి.

మరో తప్పు కాస్త లోతైనది. ‘టేక్ ప్లేస్’ అంటే జరగడం. చైనా విద్యార్థుల వ్యాసాల్లో ‘గ్రేట్ చేంజెస్ హావ్ బీన్ టేకెన్ ప్లేస్’ అనే వాక్యం తరచు కనిపిస్తుంది. గొప్ప మార్పులు జరిగాయనడానికి ‘బీన్’ అక్కర్లేదు. మరి ఎందుకు వచ్చి కూర్చుంది? చైనా భాషలో పని ఎవరు చేశారో చెప్పకుండా, దేనిమీద జరిగిందో దాన్ని ముందు పెట్టి, క్రియను ఏమీ మార్చకుండా వాక్యం ముగించవచ్చు. అలాంటి వాక్యాలను ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు కర్మణి ప్రయోగం వాడాలని బడిలో నేర్పుతారు. శ్రద్ధగల విద్యార్థి ఆ నియమాన్ని గుర్తుంచుకుంటాడు. ‘మార్పులు’ ముందున్నాయి, అవి వాటంతటవే జరగవు, ఎవరో చేశారు, కాబట్టి కర్మణి పెట్టాలి అని తర్కిస్తాడు. తర్కంలో దోషం లేదు. ‘టేక్ ప్లేస్’ అనే జంటకు కర్మణి ఉండదన్న ఒక్క సంగతి ఎవరూ చెప్పలేదు, అంతే. ఇది సోమరి చేసే తప్పు కాదు, ఆలోచించేవాడు చేసే తప్పు.

టేక్ వెనక చిన్న చిన్న మాటలు చేరినప్పుడు చిక్కు ఇంకా ముదురుతుంది. ‘టేక్ డౌన్’, ‘టేక్ అవుట్’, ‘టేక్ అవే’ వరకు చైనా విద్యార్థికి ఇబ్బంది లేదు. కిందికి తీయడం, బయటికి తీయడం, తీసుకుపోవడం వాళ్ళ భాషలోనూ అదే వరసలో ఉంటాయి. ‘టేక్ ఆఫ్’ దగ్గర దారులు విడిపోతాయి. ఇంగ్లీషులో బూట్లయినా టోపీ అయినా కళ్ళజోడయినా టేక్ ఆఫ్. చైనాలో బట్టలకీ బూట్లకీ ఒక క్రియ, టోపీకీ కళ్ళజోడుకీ వేరే క్రియ. రెండోదానికి పువ్వులూ పండ్లూ కోయడం అనే అర్థం కూడా ఉంది. అంటే కళ్ళజోడును ముఖం మీదనుంచి కోస్తారు. మనమూ తక్కువ తినలేదు. బట్టలు విప్పుతాం, చెప్పులు విడుస్తాం, కళ్ళజోడు తీస్తాం. ఇక విమానం నేల విడిచి లేవడమూ టేక్ ఆఫే. కొత్త వ్యాపారం పుంజుకోవడమూ టేక్ ఆఫే. ఉద్యోగి ఒక రోజు సెలవు తీసుకుంటే దానిలోనూ టేక్, ఆఫ్ రెండూ వస్తాయి.

‘టేక్ ఇన్’ మరీ జాగ్రత్తగా వినాల్సినది. ‘షీ వాజ్ టేకెన్ ఇన్’ అంటే ఆమెకు ఎవరో ఆశ్రయమిచ్చారనీ కావచ్చు, ఆమె మోసపోయిందనీ కావచ్చు. వదులైన జాకెట్టును దర్జీ బిగువుగా కుట్టి ఇచ్చినా టేక్ ఇన్ అంటారు. ముందు వాక్యం, వెనక వాక్యం తెలియకుండా నిఘంటువులో వెతికి లాభం లేదు. ‘టేక్ ఆఫ్టర్’ అంటే వెనకాల వెళ్ళడం కాదు, అమ్మ పోలికో నాన్న పోలికో రావడం. విడి మాటలుగా తెలిసినవన్నీ ఇక్కడ అడ్డు పడతాయి తప్ప సాయం చేయవు.

పలకరింపుల్లో కూడా టేక్ ఉంది. వెళ్ళేవాళ్ళతో ఇంగ్లీషువాళ్ళు ‘టేక్ కేర్’ అంటారు. చైనావాళ్ళు అతిథిని గుమ్మందాకా సాగనంపి అనే మాటకు అక్షరాలా అర్థం ‘నెమ్మదిగా నడవండి’. మనం ‘జాగ్రత్తగా వెళ్ళి రండి’ అంటాం. చైనాలో కొత్తగా ఇంగ్లీషు నేర్చినవాళ్ళు ఆ మాటను ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో పెట్టి ‘వాక్ స్లోలీ’ అంటే, నా కాలికేమయింది అని విదేశీయుడు అనుమానపడతాడు. ఆ మాటలోని ఆప్యాయత అతనికి అందదు. నష్టపోయింది చెప్పినవాడొక్కడే కాదు, విన్నవాడు కూడా.

కొన్ని చోట్ల మనకూ చైనాకూ ఉన్న దగ్గరితనం ఇంగ్లీషు ద్వారానే బయటపడుతుంది. ‘ఇట్ టేక్స్ టూ టు టాంగో’ అని ఒక నానుడి ఉంది. 1952లో అమెరికాలో పెర్ల్ బెయిలీ పాడిన పాటతో అది జనంలో పాకింది. టాంగో ఇద్దరు కలిసి ఆడే నృత్యం. తగవులో తప్పు ఒక్కరిదే ఉండదు అని చెప్పడానికి వాడతారు. టాంగో చూడని చైనా విద్యార్థికి ఈ వాక్యంలో టేక్ ఏమిటో అర్థం కాదు. ఉపాధ్యాయుడు అప్పుడు వాళ్ళ సామెత గుర్తుచేస్తాడు: ఒక్క అరచేత్తో చప్పుడు రాదు. మన వాళ్ళు ఏమంటారు? రెండు చేతులూ కలిస్తేనే చప్పట్లు. మనం టాంగో ఆడకపోయినా ఫరవాలేదు. చప్పట్లు ఇద్దరికీ తెలుసు. ఇక్కడ టేక్ అంటే ‘కావాలి’ అని అర్థం. ఇద్దరు కావాలి.

ఇంతవరకు విన్నాక, ఒకే క్రియను ఇన్ని పనులకు వాడడం ఇంగ్లీషుకే ఉన్న జబ్బు అని ఎవరైనా అనుకుంటే పొరపాటు. చైనా భాషలో ‘తా’ అనే క్రియ ఉంది. దాని మొదటి అర్థం కొట్టడం. చైనాలో ఫోను కొడతారు, టైపు కొడతారు, బంతి కొడతారు, సూది కొడతారు. అక్కడితో ఆగదు. గొడుగు వేసుకోవడానికి, చేపలు పట్టడానికి, స్వెట్టరు అల్లడానికి, నీళ్ళు తోడడానికి, తుమ్మడానికి, ఆవులించడానికి కూడా అదే కొట్టడం. పదకొండో శతాబ్దంలోనే ఔయాంగ్ షియు అనే గొప్ప రచయిత, పండితులనీ పామరులనీ తేడా లేకుండా అందరూ ఈ క్రియను ఎక్కడపడితే అక్కడ వాడేస్తున్నారని ఆక్షేపించాడు. ఇరవయ్యో శతాబ్దంలో లియు బన్నోంగ్ అనే కవి, ధ్వనిశాస్త్రవేత్త దీని ప్రయోగాలను పట్టుదలగా సేకరించాడు. అంత పెద్దవాళ్ళు ఆక్షేపించినా ఆ క్రియ వెనక్కి తగ్గలేదు.

మన ‘కొట్టు’ మాత్రం తగ్గిందా? ఈత కొడతాం, చప్పట్లు కొడతాం, పల్టీ కొడతాం, కన్ను కొడతాం, గోడకు సున్నం కొడతాం, పొలంలో పురుగుమందు కొడతాం, ఫోను కొడతాం, టైపు కొడతాం. ఫోనూ టైపూ మాత్రం తెలుగు, చైనా భాషలు రెండూ కలిసి కొట్టాయి. అయితే ఒక విషయం గమనించండి. చైనా విద్యార్థి ఇంగ్లీషులో ‘బీట్ ఎ ఫోన్’ అనడు, తెలుగు విద్యార్థీ అనడు. ఎందుకు? ‘మేక్ ఎ కాల్’ అనే జంటను ఇద్దరూ జంటగానే విన్నారు, జంటగానే నేర్చారు. మాటకు మాట పెట్టి అనువదించుకోలేదు. ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇక్కడే ఉంది. జంటగా నేర్చినచోట తప్పు రాదు. విడిగా నేర్చినచోటే వస్తుంది.

‘ఓపెన్ ద లైట్’ అనే తప్పు కూడా అలా విడిగా నేర్చినందువల్ల వచ్చిందే. చైనాలో తలుపు తెరవడానికీ, దీపం వెలిగించడానికీ, కారు నడపడానికీ, సమావేశం జరపడానికీ ఒకే క్రియ. అందుకని లైటును ఓపెన్ చేస్తారు. నవ్వే ముందు మన మాట వినండి. లైటు వెయ్యి అంటే వెలుగు వస్తుంది, తలుపు వెయ్యి అంటే దారి మూసుకుంటుంది. ఒకే ‘వెయ్యి’. పరభాష వాడు మన దగ్గర తెలుగు నేర్చుకుంటే ఎంత తికమకపడాలి!

రేడియోలో మాట్లాడుతున్నాను గనక శబ్దం సంగతి కూడా చెప్పాలి. టేక్ చివర ‘క్’ అనే పొల్లు ఉంది. చైనా ప్రధాన భాష మాండరిన్‌లో అక్షరం చివర అచ్చో, అనునాసికమో, కొన్నిచోట్ల ‘ర్’ లాంటి ధ్వనో తప్ప ఇలాంటి పొల్లు రాదు. అందువల్ల చాలామంది చివర చిన్న అచ్చు చేర్చేస్తారు. లేదంటే క్ మింగేస్తారు. దక్షిణాన కాంటనీస్ మాట్లాడేవాళ్ళకు ఆ పొల్లు ఉంది, వాళ్ళకు కష్టం తక్కువ. మన తెలుగు మాటలూ అచ్చుతో ముగిసేవే. అందుకే బస్‌ను బస్సు, రోడ్‌ను రోడ్డు చేసుకున్నాం. ఇంకొక ఇబ్బంది, చైనా క్రియ కాలాన్ని బట్టి రూపం మార్చుకోదు. నిన్నయినా రేపయినా ‘నా’ ‘నా’గానే ఉంటుంది. టేక్, టుక్, టేకెన్ అని ఒకే క్రియకు మూడు వేషాలుండడం వాళ్ళకు కొత్త. మనకు ఆ కొత్తదనం లేదు, మన క్రియ కాలంతో పాటు మనిషిని బట్టి కూడా మారుతుంది.

మరి ఎలా నేర్పాలి? ఈ ప్రశ్నకు జవాబు వెతికినవాళ్ళలో కొందరు తూర్పు ఆసియాలోనే పనిచేశారు. 1933లో టోక్యోలో హెరాల్డ్ పామర్ అనే ఇంగ్లీషు ఉపాధ్యాయుడు, ఏ మాట ఏ మాటతో జంట కడుతుందో పట్టికలు వేసి ఒక నివేదిక వెలువరించాడు. ఆ పనిలో ఆయన వెంట ఉన్న ఎ. ఎస్. హార్న్‌బీ తన సహచరులతో కలిసి తయారుచేసిన నిఘంటువు 1942లో అక్కడే వచ్చింది. అదే 1948లో ఆక్స్‌ఫర్డ్ ముద్రగా వచ్చి, పెరిగి పెద్దదై, చైనా విద్యార్థుల బల్లల మీదికీ మన బల్లల మీదికీ చేరింది. లండన్‌లో జె. ఆర్. ఫర్త్ అనే భాషాశాస్త్రవేత్త మాట అర్థం దాని సహవాసంలోనే ఉందని బోధించాడు. ఆయన 1920లలో లాహోరులో ఇంగ్లీషు చెప్పినవాడు. ఆయన శిష్యుడు మైకేల్ హాలిడే పీకింగ్ విశ్వవిద్యాలయంలో చైనా భాష చదివాడు. షాంఘైలోని ఫూదాన్ విశ్వవిద్యాలయంలో లూ గుసున్ ప్రధాన సంపాదకుడిగా 1991లో పూర్తయిన ఇంగ్లీషు–చైనా మహానిఘంటువులో సుమారు రెండు లక్షల మాటలున్నాయి. చైనా విద్యార్థుల రాతల నుంచే పది లక్షల మాటలు పోగుచేసి, వాటిలోని తప్పులను గుర్తులు పెట్టి విడదీసిన భాండారాన్ని గుయ్ షిచున్, యాంగ్ హుయ్‌జోంగ్ అనే ఇద్దరు ఆచార్యులు 2003లో వెలువరించారు. తప్పులను చెత్తబుట్టలో వేయకుండా ఏరి పెట్టి చదవడం ఉపాధ్యాయ వృత్తికి వాళ్ళు చేసిన గొప్ప గౌరవం.

వీళ్ళ శ్రమంతా ఒక సామాన్య విద్యార్థి చేతికి అందాలంటే మూడు పనులు చాలు. మొదటిది, నోటుపుస్తకంలో టేక్ అని రాసి ఎదురుగా అర్థాలు పేర్చవద్దు. నామవాచకాలను శీర్షికలుగా పెట్టండి. మందు, పరీక్ష, నిర్ణయం, కాలం. ఒక్కొక్కదాని కింద అది ఏ క్రియతో కాపురం చేస్తుందో రాయండి. రెండోది, విడి జంట కాదు, నిండు వాక్యం రాయండి. ఎవరు, ఎవరితో, ఎప్పుడు అన్నారో తెలిసే వాక్యం. ‘షీ వాజ్ టేకెన్ ఇన్’ లాంటివి అప్పుడే విడతాయి. మూడోది, ఆ వాక్యానికి ఎదురుగా మీ ఇంట్లో అనే మాట రాయండి. పుస్తకాల తెలుగు కాదు, అమ్మ అనే మాట. రెండు భాషలు ఎక్కడ కలుస్తున్నాయో, ఎక్కడ విడిపోతున్నాయో కళ్ళకు కనిపిస్తుంది. కలిసిన చోట శ్రమ పెట్టక్కర్లేదు. విడిపోయిన చోటే ఒకటికి పదిసార్లు నోటితో అనాలి.

ఉపాధ్యాయులకూ తల్లిదండ్రులకూ ఒక విన్నపం. పిల్లలు పరభాషలో చేసే తప్పులు ఊరికే పుట్టవు. ప్రతి తప్పు వెనక ఒక నిండు భాష, దాని సొంత క్రమంతో నిలబడి ఉంటుంది. ఆ క్రమాన్ని అర్థం చేసుకున్న ఉపాధ్యాయుడికి ఆ తప్పు దిద్దడం తేలిక. అర్థం చేసుకోనివాడు ఎర్రసిరాతో కొట్టేస్తాడు, అదే తప్పు మళ్ళీ వారం వస్తుంది. చైనా విద్యార్థి ‘ఈట్ మెడిసిన్’ అన్నప్పుడు, మన విద్యార్థి ఇంకొకటేదో అన్నప్పుడు, సరైన మాట చెప్పండి. చెప్పి ఊరుకోకుండా ‘మీ ఇంట్లో దీన్ని ఏమంటారు?’ అని కూడా అడగండి. ఆ ప్రశ్నకు జవాబిస్తూ పిల్లవాడు తన భాషను మొదటిసారి బయటినుంచి చూస్తాడు. అలా చూడగలిగినవాడికి ఇంగ్లీషే కాదు, ఆ తర్వాత వచ్చే ఏ భాషైనా అందుతుంది.